మార్టిన్ లూథర్ కింగ్ 1963 ప్రసంగం: అలంకారాలు వాదానికి ఎలా బలమిస్తాయి?

అడిగినవారు: అమలాపురం విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. నేను అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ నగరంలో, లింకన్ స్మారక మందిరం మెట్ల మీద నుంచి మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ‘నాకొక కల ఉంది’ అన్న ప్రసంగం గురించి వచ్చే వారం మా తరగతిలో నేను మాట్లాడవలసి ఉంది. ప్రసంగాన్ని మూలంలో చదివాను, రికార్డు కూడా విన్నాను. అందులోని అలంకారాలను పట్టుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు. దేశ నిర్మాతలు రాసిన మాటలను ప్రాంసరీ నోటుగా చెప్పిన చోట రూపకం ఉంది. ‘నాకొక కల ఉంది’ అన్న మాట ఎనిమిది సార్లు వస్తుంది. బైబిలు వాక్యాలు, లింకన్ మాటల ఛాయలు ఉన్నాయి. ఇవన్నీ వరుసగా రాసి చూపిస్తే, మా అధ్యాపకురాలు ప్రతి వాక్యం పక్కనా ఎర్ర సిరాతో ‘ఉంటే ఏమిటి?’ అని రాసి తిరిగి ఇచ్చారు.

ఆ ప్రశ్నకే నాకు జవాబు కావాలి. అలంకారం వల్ల ప్రసంగం అందంగా ఉంటుందని చెప్పగలను గాని, దానివల్ల పౌరహక్కుల వాదం ఏ విధంగా బలపడిందో చెప్పడం చేతకావడం లేదు. ఏ అలంకారమూ లేకుండా, మా హక్కులు మాకు ఇవ్వండి అని సూటిగా అడిగి ఉంటే ఏమి పోయేది? మరొక సందేహం కూడా ఉంది. మన అలంకారశాస్త్రం పునరుక్తిని దోషాలలో చేర్చింది కదా, ఇక్కడ అదే గుణం ఎలా అయింది? పది నిమిషాలలో చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో సూచిస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు: పాలకొల్లు తెలుగు మాస్టారు

అమ్మా, అలంకారాన్ని బోధించేటప్పుడు లక్షణం, ఉదాహరణ, సమన్వయం (లక్షణం ఉదాహరణకు ఎలా కుదిరిందో విడమరచడం) అని మూడు మెట్లు చెబుతాము. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లల చేత లక్షణం వల్లె వేయించి, ఉదాహరణ రాయించి, సమన్వయం దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. మీ అధ్యాపకురాలు అడుగుతున్నది ఆ మూడో మెట్టు. దానికి అలంకారాలను విడివిడిగా ఏరడం మానుకొని, అవి ప్రసంగంలో ఏ వరుసలో వచ్చాయో చూడండి. మొదటి భాగంలో మూడు అలంకారాలు వరుసగా ఒకే పనిని ముందుకు నడిపిస్తాయి.

మొదటిది కాలానికి సంబంధించినది. కింగ్ నూరేళ్లు అనకుండా ‘అయిదు ఇరవైల ఏళ్ల కిందట’ అని మొదలుపెడతారు. 1863 నవంబరులో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో లింకన్ ‘నాలుగు ఇరవైల ఏడేళ్ల కిందట’ అని ఎత్తుకున్న మాటను ఆ దేశంలో బడి పిల్లలు కూడా ఎరుగుదురు. వెనుక లింకన్ విగ్రహం ఉండగా, ఆయన పలుకుబడితోనే ఆయన 1863 జనవరి 1న వెలువరించిన బానిస విమోచన ప్రకటనను గుర్తు చేయడం వల్ల సభికులకు ఏదో శతజయంతి ఉత్సవంలో ఉన్నట్టు ఉంటుంది. ఆ వెంటనే ఆ పాత లెక్క వదిలేసి, ‘నూరేళ్ల తరువాత’ అని మామూలు అంకెలోకి దిగుతారు. నూరేళ్ల తరువాత కూడా నల్లజాతి మనిషి స్వతంత్రుడు కాలేదు. నూరేళ్ల తరువాత కూడా వేర్పాటు సంకెళ్లలో ఉన్నాడు. ఇలా నాలుగు సార్లు. మొదట ఉత్సవంగా వినిపించిన కాలమే రెండో సారి బకాయిగా వినిపిస్తుంది. పునరుక్తి ఇక్కడ చేసిన పని అది: బకాయి ఎన్నాళ్లదో శ్రోత మరచిపోకుండా చేసింది. ఆ పేరాలోనే దారిద్ర్యాన్ని ఒంటరి ద్వీపంతోను, చుట్టూ ఉన్న సంపదను మహాసముద్రంతోను చెప్పిన రూపకం ఉంది. అది సామాన్యమైనదని నా అభిప్రాయం. దాని మీద మీ సమయం ఖర్చు పెట్టకండి.

బకాయి ఎన్నాళ్లదో తెలిశాక, అది ఏ అప్పు తాలూకు బకాయో తెలియాలి. నోటు రూపకం వచ్చేది ఆ చోట. మన డెల్టాలో నోటు అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు. సార్వా, అంటే వానకారు పంట మదుపుకు చేతిలో సొమ్ము లేని కౌలు రైతు రెవిన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఇచ్చేది అదే. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని అప్పిచ్చినవాడు గడువుకు ముందే దానిని తిరగరాయించుకుంటాడు. కింగ్ చూపించిన నోటు 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, ఆ తరువాతి రాజ్యాంగం కలిసి రాసినది. సంతకం చేసినవారు ఆ గణతంత్ర నిర్మాతలు. ప్రతి అమెరికన్ దానికి వారసుడు. చెల్లించవలసినది జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆనందాన్ని వెతుక్కునే హక్కు. ఆ నోటుకు బదులుగా దేశం నల్లజాతి పౌరులకు చెల్లని చెక్కు ఇచ్చిందని, అది ‘ఖాతాలో తగినంత సొమ్ము లేదు’ అన్న ముద్రతో తిరిగి వచ్చిందని అంటారు. మనవారి పరిభాషలో ఇది సావయవ రూపకం. నోటు, సంతకం, వారసుడు, చెక్కు, బ్యాంకు, ఖజానా అన్న అవయవాలన్నీ ఒకదానితో ఒకటి పొసగి వచ్చాయి.

‘ఉంటే ఏమిటి?’ అన్నదానికి జవాబు ఇక్కడ ఉంది. హక్కులు ఇవ్వండి అని సూటిగా అడిగితే అడిగేవాడు అర్జీదారు అవుతాడు. అర్జీదారును రేపు రమ్మనవచ్చు, ఎల్లుండి రమ్మనవచ్చు, ఓపిక పట్టమని హితవు చెప్పవచ్చు. సరిగ్గా ఆ హితవునే ఆ ఏడాది ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లోని ఎనిమిది మంది తెల్లజాతి మతాచార్యులు బహిరంగంగా చెప్పారు. ‘ఆగండి’ అన్న మాటకు దాదాపు ఎప్పుడూ ‘ఎన్నటికీ లేదు’ అనే అర్థమని కింగ్ జైలు నుంచి జవాబు రాశారు. నోటు చేతిలో పట్టుకొని వచ్చినవాడి సంగతి వేరు. వాడు మర్యాదగానే కూర్చుంటాడు గాని, ఇచ్చేవాడి దయ మీద ఆధారపడి కూర్చోడు. ఒక్క రూపకంతో కింగ్ తనవారిని అర్జీదారుల స్థానం నుంచి రుణదాతల స్థానానికి మార్చారు. అంతటితో ఆగకుండా, న్యాయమనే బ్యాంకు దివాలా తీసిందంటే నమ్మడానికి మేము నిరాకరిస్తున్నాము అంటారు. ఈ వాక్యం చాలా తెలివైనది. బ్యాంకు దివాలా తీసిందని ఒప్పుకుంటే దానిని కూలదోయడమే మిగులుతుంది. బాగానే ఉందంటే చెల్లించడం తప్ప దానికి వేరే దారి ఉండదు. రాజ్యాంగాన్ని నమ్మే తెల్లజాతి శ్రోత కూడా ఈ వాక్యం దగ్గర కాదనలేడు, ఎందుకంటే కాదంటే తన బ్యాంకునే తాను అవమానించినట్టు అవుతుంది.

మూడవది గడువు. ‘ఇదే సమయం’ అన్న మాట నాలుగు వాక్యాల మొదట వస్తుంది. నూరేళ్ల బకాయి, చేతిలో నోటు, ఇక ఈ రోజే చెల్లింపు రోజు. ఈ మూడింటి మధ్య ఉన్న లంకెను చూపిస్తే మీ పది నిమిషాలలో సగం నిండినట్టే. మీ పునరుక్తి సందేహం గురించి మరొకసారి వివరంగా రాస్తాను.

జవాబు: రాజోలు అక్క

మాస్టారు గారు రాసినదంతా కాగితం మీద చదివే ప్రసంగానికి సరిపోతుంది. నాకు ఈ ప్రసంగం మొదటిసారి విన్నప్పుడే మా చర్చిలో ఆదివారం వాక్యం చెప్పినట్టు వినిపించింది, అందుకు కారణం ఉంది. కింగ్ వృత్తిరీత్యా పాస్టరు, పాస్టరు కొడుకు, ఆయన తాత కూడా పాస్టరే. నల్లజాతి వారి చర్చిలలో బోధకుడు వాక్యం ఆపిన చోట సంఘం అందుకొని పలుకుతుంది. రికార్డు వింటే ఆ పలుకులు మీకు వినబడతాయి. వాక్యం మొదట ఒకే మాట తిరిగి తిరిగి రావడం ఆ పద్ధతికి అవసరం. తరువాత రాబోయేది ఏమిటో సభకు ముందే తెలుస్తుంది కనుక, వాక్యం పూర్తయ్యే లోపలే సభ అందులో పాలు పంచుకుంటుంది. రెండున్నర లక్షల మంది ఎండలో నిలబడి, పొద్దున నుంచి ఎందరో చెప్పినది విని అలసిపోయాక, చివరి వక్తగా లేచిన మనిషికి ఆ పద్ధతి ఎంత ఆసరా అయి ఉంటుందో ఆలోచించండి.

కల గురించిన భాగం ముందుగా సిద్ధం చేసిన ప్రతిలో లేదు. డెట్రాయిట్‌లో ఆ జూన్ నెలలో ఆ కల మాటలు ఆయన ఒకసారి చెప్పి ఉన్నారు. వాషింగ్టన్‌లో ప్రసంగం చివరికి వస్తుండగా, దగ్గరలో ఉన్న గాయని మహేలియా జాక్సన్ ‘వాళ్లకు కల గురించి చెప్పు, మార్టిన్’ అని కేక వేశారని అక్కడ ఉన్నవారు చెప్పుకొచ్చారు. అప్పుడు ఆయన కాగితం పక్కన పెట్టి చెప్పిన మాటలే ఈనాడు అందరికీ గుర్తున్న మాటలు. కాబట్టి చెల్లెమ్మా, పునరుక్తిని అలంకారంగా మాత్రమే చూస్తే చాలదు. కాగితం లేకుండా మాట్లాడే మనిషికి తరువాతి వాక్యం తట్టే వరకు అది ఊతకర్ర వంటిది కూడా.

ఇక బైబిలు సంగతి. ‘ఇంకా మీకు ఎప్పుడు తృప్తి కలుగుతుంది?’ అని అడిగేవారికి కింగ్ ఒక పట్టిక చెబుతారు. పోలీసుల దౌర్జన్యం ఉన్నంత కాలం, ప్రయాణపు బడలికతో వచ్చిన మాకు దారి పక్క మోటళ్లలో గది దొరకనంత కాలం, మా పిల్లల ఆత్మగౌరవాన్ని ‘తెల్లవారికి మాత్రమే’ అన్న బోర్డులు దోచుకున్నంత కాలం, మిసిసిపీలో ఓటు వేయనివ్వనంత కాలం, న్యూయార్కులో ఓటు వేయడానికి కారణమే కనబడనంత కాలం మాకు తృప్తి లేదు అంటారు. అన్నీ కంటికి కనబడే చిన్న విషయాలు: గది, బోర్డు, ఓటు. ఆ తరువాత ఒక్కసారిగా ఆమోసు ప్రవక్త మాటను అందుకుంటారు. మన తెలుగు బైబిలులో ఆ వాక్యం ‘నీళ్లు పారునట్లు న్యాయము జరుగనియ్యుడి, గొప్ప ప్రవాహమువలె నీతిని ప్రవహింపనియ్యుడి’ అని ఉంది.

ఈ ఉపమ బలం మన ప్రాంతం వారికి చెప్పకుండానే తెలియాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, కాలువ నీరు లాకుల దగ్గర ఆగి, వంతుల ప్రకారం వదిలితే, తూముకు దగ్గరగా ఉన్న చేలు తడిశాక శివారు చేలకు అందుతుంది. ఒక్కొక్క ఏడు అందదు. శివారు రైతుకు ‘మీ వంతు వస్తుంది, ఆగండి’ అని చెప్పడమే కొద్దికొద్దిగా ఇచ్చే న్యాయం. ఆమోసు చెప్పిన ప్రవాహానికి లాకూ లేదు, వంతూ లేదు. అంతకు ముందే కింగ్ కొద్దికొద్దిగా మార్పు అన్న సిద్ధాంతాన్ని మత్తుమందు అన్నారు. ఆ తిరస్కారానికి ఈ ప్రవాహం నిండు రూపం. పైగా ఆమోసు ఎవరిని మందలించాడో గుర్తుంచుకోండి. పండుగలు, బలులు, పాటలు ఘనంగా జరుపుతూ పేదవాడికి అన్యాయం చేసే దేవుని ప్రజలనే మందలించాడు. దక్షిణ రాష్ట్రాలలో ఆదివారం చర్చికి వెళ్లి సోమవారం బోర్డు తగిలించే శ్రోతకు ఆ సంగతి తెలుసు. వాడి చేతిలోని గ్రంథంతోనే వాడిని అడుగుతున్నారు. మాస్టారు గారు చెప్పిన లింకన్ మాట కూడా అదే పని చేస్తుంది. ఉటంకింపును పాండిత్య ప్రదర్శనగా తరగతిలో చెప్పకండి. ఎదుటివాడు కాదనలేని సాక్షిని పిలవడంగా చెప్పండి.

జవాబు: ధవళేశ్వరం పాఠకుడు

పై రెండు జవాబులూ బాగున్నాయి గాని, విద్యార్థిని ఒక ప్రమాదంలో పడకుండా నా వంతుగా రెండు మాటలు రాస్తాను. మన పరీక్షా పత్రాలలో ‘ఈ ప్రసంగం అమెరికా చరిత్రను మార్చివేసింది’ అన్న వాక్యం రాయనివారు ఉండరు. అలంకారాల వల్ల చట్టం వచ్చిందని చెప్పడం చరిత్ర కాదు. పౌరహక్కుల బిల్లును అధ్యక్షుడు కెన్నెడీ ఆ జూన్‌లోనే కాంగ్రెసుకు పంపి ఉన్నారు. అంతకు ముందు మే నెలలో బర్మింగ్‌హామ్ వీధులలో పిల్లల మీద పోలీసు కుక్కలను, అగ్నిమాపక గొట్టాలను ప్రయోగించిన దృశ్యాలను దేశమంతా చూసింది. ప్రసంగమైన పద్దెనిమిది రోజులకు అదే నగరంలో చర్చి మీద బాంబు పేల్చి నలుగురు బాలికలను చంపారు. కెన్నెడీ హత్య తరువాత, సెనేటులో సుదీర్ఘమైన అడ్డగింపును దాటుకొని, 1964 జులై 2న తరువాతి అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో చట్టం వచ్చింది. ఓటు హక్కు చట్టం 1965 వరకు రాలేదు. ప్రసంగం ఈ వరుసలో ఒక మెట్టు.

రెండవది, ఆ రోజు సభ పేరే ‘ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ యాత్ర’. కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో, బయార్డ్ రస్టిన్ నిర్వహణలో జరిగింది. వారి కోరికలలో గంటకు రెండు డాలర్ల కనీస వేతనం కూడా ఉంది. కల భాగం ఎంత ప్రసిద్ధికెక్కిందంటే, నోటు భాగాన్ని జనం మరచిపోయారు. ఏటా జయంతి సభలలో వినిపించేది కల ఒక్కటే, ఎందుకంటే దానిని చప్పట్లతో సరిపెట్టవచ్చు, బాకీ అని ఎవరూ అడగరు. అలంకారం వాదానికి బలమివ్వడమే కాదు, ఒక్కొక్కసారి దానిని కప్పివేస్తుంది కూడా. ఈ మాట మీ తరగతిలో చెప్పడానికి వెనుకాడకండి.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి

ధవళేశ్వరం వారి హెచ్చరిక సబబైనదే. నేను ముగింపు భాగం గురించి మాత్రమే రాస్తాను, దాని జోలికి ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.

చివరలో కింగ్ ‘మై కంట్రీ, టిజ్ ఆఫ్ దీ’ అన్న దేశభక్తి గీతంలోని మొదటి చరణాన్ని పూర్తిగా చదువుతారు. బడిలో ప్రతి పిల్లవాడూ పాడే పాట. అందులో ‘మా తండ్రులు మరణించిన నేల’ అన్న పంక్తి ఉంది. తెల్లజాతి పౌరుడు పాడితే అది యుద్ధవీరుల స్మరణ. బానిసల మనుమడు పలికితే అదే పంక్తి పత్తి చేలలో కొరడా దెబ్బలు తిని పోయినవారి స్మరణ. ఒక్క అక్షరం మార్చకుండా పాట యజమాని మారిపోయాడు. ఆ మెట్ల మీదనే 1939లో మేరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి గాయని ఇదే గీతం పాడారు. వాషింగ్టన్‌లోని పెద్ద సభా మందిరంలో పాడడానికి ఆమెకు జాతి కారణంగా అనుమతి ఇవ్వకపోవడం వల్ల అక్కడ పాడవలసి వచ్చింది. 1963 సభకు వచ్చిన పెద్దవారిలో చాలా మందికి ఆ సంగతి గుర్తు ఉండే ఉంటుంది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాడి జైలుకు వెళ్లిన రోజులలోనే, మా రాజమహేంద్రవరం వారైన దళిత కవి కుసుమ ధర్మన్న అదే పల్లవిని తీసుకొని ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని రాశారు. తెల్లదొర పోతే చాలదు, ఊళ్లో దొర సంగతి ఏమిటని ఆ పాట అడిగింది. అందరి నోళ్లలో నానుతున్న పల్లవి కనుక విన్నవాడు చెవులు మూసుకోలేడు. ధర్మన్న ఒక్క పదం మార్చి అడిగారు, కింగ్ ఒక్క పదమూ మార్చకుండా అడిగారు. మీ తరగతిలో మన ప్రాంతపు ఉదాహరణ కావాలంటే ఇంతకన్న దగ్గరిది దొరకదు.

ఆ గీతం ‘ప్రతి కొండ వాలు నుంచీ స్వేచ్ఛ మోగనీ’ అని ముగుస్తుంది. అక్కడి నుంచి కింగ్ కొండల పేర్లు వరుసగా చెబుతారు. న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కొలరాడో, కాలిఫోర్నియా. ఇవన్నీ ఉత్తర, పశ్చిమ రాష్ట్రాలు. వీటి గురించి పాడుకుంటే ఎవరికీ నొప్పి లేదు. ఇక్కడి విశేషణాలు కొంచెం ఎక్కువయ్యాయని నాకు అనిపిస్తుంది. కాలిఫోర్నియా కొండల ఒంపుల వర్ణన ఆ సందర్భానికి అంతగా అతకలేదు. కాని ఆ తరువాత ‘అంతే కాదు’ అని ఒక్క మాట వేసి, జార్జియాలోని స్టోన్ మౌంటెన్ అంటారు. 1915లో, నల్లజాతివారి మీద హింస సాగించిన కు క్లక్స్ క్లాన్ ముఠా మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆ కొండ మీదనే. ఆ తరువాత టెనెసీలోని లుకౌట్ మౌంటెన్, చివరికి మిసిసిపీలోని ప్రతి కొండా, ప్రతి పుట్టా. అందమైన భౌగోళిక పట్టికగా మొదలైనది కొండ పేరుతో సహా నేరస్థలాన్ని చూపించడంతో ముగుస్తుంది. ఈ మలుపు కోసమే ఆయన మొదటి అయిదు కొండలనూ తీసుకువచ్చారని నేను అనుకుంటాను.

ఇంకొక సంగతి గమనించండి. దీనికి కాస్త ముందు, కల భాగం చివర, యెషయా గ్రంథంలోని ‘ప్రతి లోయను ఎత్తు చేయవలెను, ప్రతి పర్వతమును ప్రతి కొండను అణచవలెను’ అన్న వాక్యం వస్తుంది. అక్కడ కొండ అంటే అణగవలసిన అహంకారం. ఆ వెంటనే నిరాశ అనే పర్వతం నుంచి ఆశ అనే రాయిని చెక్కుతాము అంటారు. అక్కడ కొండ పనికివచ్చే ముడిసరుకు. ఆ తరువాత అదే కొండ స్వేచ్ఛ మోగే గంట స్తంభం అవుతుంది. కాగితం పక్కన పెట్టి మాట్లాడుతున్న మనిషి ఇది ముందుగా లెక్క వేసుకొని చేశారని నేను అనను. ఏళ్ల తరబడి వారం వారం వాక్యం చెప్పినవారికి ఒక పోలిక దొరికితే అది తనంతట తానే రూపాలు మార్చుకుంటుంది.

అడిగినవారు: అమలాపురం విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, మీరు చెప్పిన వరుసలో ఒక పేరా రాశాను, దయచేసి చూడండి: ‘కింగ్ మొదట కాలాన్ని లెక్క కట్టారు, తరువాత అప్పును చూపించారు, ఆ తరువాత గడువు పెట్టారు. ఈ భాగంలో అలంకారాలు డిమాండు చేస్తాయి. కల భాగంలో అలంకారాలు డిమాండును వదిలి, భవిష్యత్తులోని అందమైన ప్రపంచాన్ని చూపిస్తాయి.’ చివరి వాక్యం ధవళేశ్వరం వారి మాటకు అనుగుణంగా రాశాను. పునరుక్తి గురించి మీరు మళ్లీ రాస్తానన్నారు, దాని కోసం ఎదురుచూస్తున్నాను.

జవాబు: పాలకొల్లు తెలుగు మాస్టారు

పేరా మొదటి సగం బాగుంది. చివరి వాక్యాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో పునరుక్తి సందేహానికి జవాబులోనే తేలుతుంది.

మనవారు దోషమన్నది, ఒకసారి చెప్పిన అర్థాన్నే ప్రయోజనం లేకుండా మళ్లీ చెప్పడాన్ని. కావ్యాదర్శంలో సంస్కృత ఆలంకారికుడు దండి ఆ దోషం చెప్పిన చోటనే, అనుకంప మొదలైన భావాల ఆధిక్యాన్ని చెప్పదలచుకుంటే పునరుక్తి దోషం కాదని, పైగా అలంకారమే అవుతుందని మినహాయింపు కూడా ఇచ్చాడు. కాబట్టి శాస్త్రం మీకు అడ్డు రాదు. శతకంలో మకుటం నూరు సార్లు వచ్చినా మనకు విసుగు పుట్టకపోవడానికి కారణం, పద్యం మారిన ప్రతిసారీ మకుటం కొత్త సంగతి మీద పడడం. శతక మకుటం పద్యం చివర వస్తుంది కనుక చెప్పినదానికి ముద్ర వేస్తుంది. కింగ్ మాట వాక్యం మొదట వస్తుంది కనుక రాబోయేదానికి తలుపు తెరుస్తుంది. రాజోలు అమ్మాయి గారు చెప్పిన సభ స్పందన దీనివల్లనే సాధ్యమైంది. అయితే ఈ ప్రసంగంలోని ప్రతిదానికీ లాటానుప్రాస అనో, మరొకటనో మన పేరు తగిలించే పని మాత్రం పెట్టుకోకండి; ఆ పేరు కుదిరినా మీ వాదానికి కలిసివచ్చేది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆ ఎనిమిది వాక్యాలనూ దగ్గరగా చూడండి. మొదటి కల దేశమంతటి గురించి. మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారన్న స్వాతంత్ర్య ప్రకటన మాటకు దేశం నిలబడుతుందని. అంటే నోటు మళ్లీ వచ్చింది, పేరు చెప్పకుండా. రెండవది జార్జియా ఎర్ర కొండల మీద బానిసల కొడుకులు, బానిస యజమానుల కొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం. మూడవది మిసిసిపీ. నాలుగవది తన నలుగురు పిల్లలు, చర్మం రంగును బట్టి కాక శీలాన్ని బట్టి మన్నన పొందడం. దేశం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి తన ఇంటికి వచ్చారు. ఇంతవరకు ప్రతి కలా ‘నాకొక కల ఉంది’ అని మొదలై పొడుగ్గా సాగింది. అయిదవది మాత్రం ‘ఈ రోజు నాకొక కల ఉంది’ అని ఒక్క చిన్న వాక్యంలో ఆగిపోతుంది. దాని తరువాత ఏమీ లేదు. ఆరవది అలబామా, నల్లజాతి పిల్లలు, తెల్లజాతి పిల్లలు చేతులు కలపడం. ఆ రాష్ట్ర గవర్నరును పేరు ఎత్తకుండానే అక్కడ ఎత్తిపొడిచారు. ఏడవది మళ్లీ ‘ఈ రోజు నాకొక కల ఉంది’. ఎనిమిదవది లోయలు, కొండలు.

కలలు దాదాపు అన్నీ ‘ఒక రోజున’ జరిగేవి. మధ్యలో రెండు సార్లు ‘ఈ రోజు’ అన్న మాట ఒంటరిగా వచ్చి పడుతుంది. నెరవేరేది ఒక రోజునే కావచ్చు గాని కోరుతున్నది ఈ రోజు. ముందు భాగంలోని ‘ఇదే సమయం’ అన్న గడువే ఇక్కడ ఇంత చిన్న వాక్యంలో తిరిగి వచ్చింది. అందుచేత కల భాగం డిమాండును వదిలేసిందని రాయడం సరికాదు. వదిలేసింది జయంతి సభలవారే, ధవళేశ్వరం వారు చెప్పినది వారికి వర్తిస్తుంది, ప్రసంగానికి వర్తించదు.

మీ చివరి వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘కల భాగంలో కింగ్ ఆ బాకీ తీరితే జార్జియాలో, మిసిసిపీలో, అలబామాలో, తన ఇంట్లో ఏమి కనబడుతుందో చూపిస్తారు; మధ్యలో రెండు సార్లు ‘ఈ రోజు’ అని ఆగి, గడువును గుర్తు చేస్తారు.’ తరగతిలో మాట్లాడే ముందు రికార్డులో ఆ రెండు చోట్లనూ వినిపించండి. ఆయన గొంతు అక్కడ ఎలా పైకి లేచి ఆగుతుందో పిల్లలు విన్నాక మీరు వివరించవలసినది తగ్గుతుంది. కొండల భాగానికి రెండు నిమిషాలు మిగుల్చుకోండి, స్టోన్ మౌంటెన్ సంగతి తప్పకుండా చెప్పండి.